సుక్రు ఆవు, మూడు సీసాల తేనె

1996 జూన్. అరకు లోయకు ఎగువన ఒక పశువుల ఆసుపత్రిలో డాక్టరుగా చేరి అప్పటికి నాలుగు నెలలు. కాలేజీలో గైనకాలజీలో నాకే ఫస్టు మార్కులు. ఆ గర్వం కూడా స్టెతస్కోపుతో పాటు నా మెడలోనే వేలాడుతుండేది.

ఒక ఉదయం సుక్రు అనే రైతు కొండ దిగి పరుగున వచ్చాడు. "డాక్టరమ్మా, బేగి రా. ఆవు ఈనింది. కడుపులోది బయటికొచ్చేసింది." నేనూ, అటెండరు అప్పారావూ మందుల సంచి పట్టుకుని అతని వెంట రెండు గంటలు కొండెక్కాం.

ఆవు ఇంటి వెనక పడుకుని ఉంది. దీన్ని యుటెరైన్ ప్రొలాప్స్ అంటాం. అంటే ఈనాక గర్భసంచి తిరగబడి బయటికి జారిపోవడం. ఆలస్యమయ్యేకొద్దీ అది నీరుపట్టి ఉబ్బుతుంది, ఆవు ప్రాణం మీదికి వస్తుంది. పక్కనే ఒళ్లు ఆరని కోడెదూడ లేవడానికి తంటాలు పడుతోంది.

మాట కలుపుదామని "పాలెన్ని ఇస్తుంది?" అని అడిగాను. సుక్రు తల్లి నన్ను దొంగను చూసినట్టు చూసింది.

"దూడ పాలు మనమేటికి తాగుతామే?"

ఆ ఊళ్లో ఎవరూ ఆవును పిండరు. తల్లి పోతే దూడకు పట్టడానికి చుక్క పాలు దొరకవు. సుక్రుకున్నది ఒంటెద్దు. దున్నాల్సి వచ్చినప్పుడల్లా రెండో ఎద్దును ఎవరినో బతిమాలి తెచ్చుకుని, బదులుగా వాళ్ల పొలంలో పని చేసేవాడు. ఈ కోడెదూడ మీదే అతని ఆశంతా.

"ఇది సచ్చిపోతే దూడా సచ్చిపోతాదమ్మా," అన్నాడు. నాకు భయం వేసింది.

తోక మొదట్లో ఎపిడ్యూరల్ మత్తుసూది ఇచ్చాను. దాంతో వెనక భాగం మొద్దుబారి ఆవు ముక్కడం ఆపుతుంది. శుభ్రంగా కడిగాను. ఉబ్బు తగ్గితే కానీ గర్భసంచి లోపలికి పోదు. పంచదార చల్లితే నీరు లాగేస్తుందని మాకు నేర్పారు. ఫస్టు మార్కుల డాక్టరు అన్నీ సర్దుకుని అదొక్కటే మరిచింది.

"పంచదార ఉందా?"

సుక్రు తెల్లబోయాడు. "ఇప్పుడు టీ ఏటమ్మా?"

"తాగడానికి కాదురా బాబూ, ఆవుకి రాత్తారు," అన్నాడు అప్పారావు.

ఊరంతా వెతికినా పంచదార లేదు. అప్పుడు సుక్రు తల్లి అడిగింది. "తీపే కదా కావాల? తేనె అవదా?"

ఏ పుస్తకంలోనూ చదవలేదు. కానీ పంచదార లాగే నీటిని తేనె ఎందుకు లాగదు? సరేనన్నాను. సంతకి దాచుకున్న తేనె, మూడిళ్ల నుంచి మూడు సీసాలు వచ్చింది. దోసిళ్లతో పూశాను. ఈగలు తోలడం అప్పారావు వంతు. అరగంటలో ఉబ్బు కళ్లముందే దిగిపోయింది.

అయినా గండం గడవలేదు. లోపలికి నెడితే తిరిగి బయటికే వస్తోంది. మూడుసార్లు నెట్టాను. "నా వల్ల కావట్లేదు," అని పైకే అనేశాను.

ముసలామె విసుక్కుంటూ లేచింది. "కొండకి ఎదురు తోత్తన్నావేటే గుంటా! ఆవు తల కిందికి తిప్పు."

చూస్తే నిజమే. ఆవు తల ఎగువకు, తోక పల్లానికి ఉన్నాయి. బరువంతా నా మీదికే వస్తోంది. మైదానంలో పెరిగిన బుర్రకు నేల వాలు తట్టనే లేదు. నలుగురు మగవాళ్లు ఆవును జాగ్రత్తగా అటు తిప్పారు. ఈసారి పిడికిలితో ఒత్తగానే గర్భసంచి సాఫీగా లోపలికి జారిపోయింది. మళ్లీ జారకుండా కుట్లు వేశాను.

కాసేపటికి ఆవు లేచి నిలబడింది. దూడ తడుముకుంటూ వెళ్లి పొదుగు అందుకుంది. ఊరంతా ఒక్కసారిగా కేకేసింది. నేనూ వేశాను. తేనె చేతులతోనే అప్పారావు వీపు చరిచాను. అంత సంతోషం నాకు డిగ్రీ పట్టా అందుకున్న రోజు కూడా లేదు.

నెల రిపోర్టులో చికిత్స అన్న గడిలో "తేనె, తల పల్లానికి" అని రాశాను. పై అధికారి పిలిచారు. "ఇది ఏ పుస్తకంలో ఉందమ్మా?"

"పుస్తకంలో లేదు సార్. ఆవు గలవాళ్ల అమ్మ చెప్పింది."

ఆయన నవ్వి సంతకం పెట్టారు. అప్పటినుంచి ఏ ఊరెళ్లినా సంచి విప్పే ముందు, "మీరైతే ఏం చేస్తారు?" అని ఇంటి పెద్దల్ని అడగడం నాకు అలవాటైంది. చదువు తక్కువై కాదు, అది సగమేనని తెలిసొచ్చి.

నాలుగో ఏడు టీకాలు వేయడానికి అదే ఊరెక్కాను. సుక్రు వాలు పొలంలో జోడెద్దులతో దున్నుతున్నాడు. నన్ను చూసి నాగలి ఆపి, అక్కణ్ణుంచే అరిచాడు.

"డాక్టరమ్మా! ఈ యేడు ఎవల ఎద్దూ అడగనేదు!"