దిబ్బ పేరు

ఇంటి వెనకే కొండ ఉన్న బెజవాడ వాణ్ణి. డిగ్రీ చదివి, కొండలు కొలుద్దామని మ్యాపులు గీసే సర్వే ఉద్యోగంలో చేరాను. వాళ్లు నన్ను సముద్రం దగ్గర ఉప్పునీటి పాయల మధ్యకు పంపారు. పామర్రు దాటాక నాకు కనిపించిన అత్యున్నత శిఖరం కాలవ గట్టు.

డెబ్బైల చివర, ఉప్పెన వచ్చిపోయిన కొన్ని నెలలకు, ఒక పాయ చివరనున్న దిబ్బ మీదికి పడవలో వెళ్లాం. కొలతకర్ర పట్టుకునే మా ఖలాసీ చుట్టూ చూసి, "ఇక్కడ ఎత్తు కొలవడమంటే కంచంలో మెతుకు ఎత్తు కొలవడమే సార్" అన్నాడు. నిజమే. ఆ మెతుకు మీద మొన్నటిదాకా జాలరుల ఊరు ఉండేది. ఇప్పుడు విరిగిన గుంజలు, ఒక తాటాకు పాక, పాక ముందు వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దావిడ. తాడిచెట్టు కావలించుకుని బతికిందట. ఊరికంతా మిగిలింది ఆవిడే.

మా పనిలో ఒక నియమం ఉంది. ఊరి పేరు ఆ ఊరి మనిషి నోట వినే రాయాలి. పాత మ్యాపు నాటికి ఈ ఊరు పుట్టలేదు. దారిలో ఎవరిని అడిగినా "ఆ దిబ్బేనాండీ" అన్నారు తప్ప పేరు చెప్పలేదు.

"ఊరి పేరేంటమ్మా?"

"మా ఆయన పేరేనండి. మొదట పాకేసింది ఆయనే గదా."

"అదే, ఆయన పేరు?"

కొత్తగా కాపురానికొచ్చిన పిల్లలా తలొంచుకుంది. "నోటితో అనకూడదు గదండీ. ఆయుస్సు తగ్గిపోద్ది."

ఆయన ఉప్పెనకు ముందురోజు సముద్రం మీద వేటకెళ్లాడట. ఖలాసీ నా వైపు చూశాడు. నేను దుర్భిణిలో కన్నుపెట్టాను. అందులో చూడవలసిందేమీ లేదు.

"ఏదో ఒడ్డున పడుంటారండీ," అందావిడ. "మాట పడని మనిషి. ఎవరితోనో తగువేసుకుని అక్కడే కూర్చునుంటారు."

పేరు లేకపోతే మ్యాపులో ఈ చోటు ఖాళీగా అచ్చవుతుందని చెప్పాను.

"ఊరు లేదని రాస్తారా?"

"ఏమీ రాయమమ్మా. అదే ఇబ్బంది."

ఆవిడ వల పక్కన పెట్టి సముద్రం వైపు తిరిగింది. తర్వాత పేరు చెప్పింది. సగం గాలికి పోయింది. స్పెల్లింగు తప్పితే పైవాళ్లు ఊరుకోరు కాబట్టి, "మధ్యలో దీర్ఘం ఉందామ్మా?" అని అడిగాను. నా చదువుకు తగ్గ ప్రశ్నే.

ఆవిడ కొంగు తీసి, చెమట తుడుచుకున్నంత మామూలుగా నుదుటి బొట్టు తుడిచేసుకుంది.

"రాసుకోండి బాబూ," అంది. "ఇంక ఎన్నిసార్లయినా చెప్తాను."