ఫ్లెక్సీలో మిగిలిన మోచెయ్యి

జెద్దా షరఫియాలో మా తెలుగువాళ్లు చేరే హోటల్లో పోయినేడు విందు పెట్టుకున్నప్పుడు గోడకి ఒక ఫ్లెక్సీ కట్టారు. అందులో స్టాన్లీ గారు పెద్ద వంజరం చేపని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని నవ్వుతుంటారు. ఆయన పక్కన, సరిగ్గా ఫ్లెక్సీ అంచు దగ్గర, ఎవరిదో మోచెయ్యి ఉంటుంది. దాని మీద కాలిన మచ్చ. మనిషి లేదు, కత్తిరించేశారు.

ఆ మోచెయ్యి కృపామణి అక్కది. ఆ చేప కూడా అక్కదే.

అక్కది నరసాపురం దగ్గర ఊరు. జెద్దాలో పదకొండేళ్లుగా డయాలసిస్ నర్సు. నేను వార్డులో చేరిన కొత్తలో పనంతా ఆమె దగ్గరే నేర్చుకున్నాను. పేషెంట్లు తిట్టినా నవ్వుతుంది, ఎవరి మీదా గొంతెత్తదు. కానీ ఏదీ మర్చిపోదు. మూడేళ్ల కిందట ఎవరికి ఏ చేతిలో నరం దొరకలేదో కూడా ఇప్పటికీ చెప్పగలదు. స్టాన్లీ గారికి ఈ సంగతి తెలియదు, పాపం.

ఆయనది కాకినాడ. మా హాస్పిటల్ స్టోర్స్‌లో సూపర్‌వైజరు. నెలకో శుక్రవారం పడవ మాట్లాడుకుని ఒభుర్ రేవు నుంచి సముద్రంలోకి వెళ్లే మా గుంపుకి ఆయనే పెద్ద. మేం చేసేది ట్రోలింగ్. ఫోన్లో చేసేది కాదండోయ్! పడవ నడుస్తూ ఉంటుంది, వెనక నాలుగు గేలాలు నీళ్లలో లాగుతూ ఉంటాం, ప్లాస్టిక్ ఎర బతికున్న చేపలా ఊగుతూ వస్తుంది. దాన్ని తరుముతూ వంజరం వచ్చి కొడుతుంది. ఆ దెబ్బకి తాడు చుట్టిన రీల్ అరిచే అరుపు ఒక్కసారి వింటే చాలు, ఇంక వదలరు.

ఆ ఫోటో తీసిన రోజు అక్క మొదటిసారి వచ్చింది. ఎడమ మూల రాడ్ పట్టుకోమంటే పట్టుకుంది. చేప తగిలింది. పది నిమిషాలు ఒక్కతే లాగింది, చేప అలిసిపోయింది. అప్పుడొచ్చాడు స్టాన్లీ గారు. "ఇటివ్వండి సిస్టర్, మీ వల్ల కాదు, తెగిపోద్ది" అని రాడ్ లాక్కున్నాడు. ఆ తర్వాత సంగతి ఫ్లెక్సీలో ఉంది.

విందులో అక్క మెల్లగానే అడిగింది. "స్టాన్లీ గారూ, అది తగిలింది నా గేలానికి కదండీ?"

మైకు ఆయన చేతిలోనే ఉంది. "సిస్టర్ గారు రాడ్ పట్టుకున్నారు, చేపని నేను పట్టాను. వార్డులో సెలైన్ స్టాండు కూడా పట్టుకుంటారు, అంతమాత్రాన రోగం తగ్గించేది వాళ్లేనా?"

యాభై మంది నవ్వారు. ఆయన భార్య రూబీ గారు కూడా నవ్వారు. అక్క కూడా నవ్వింది. బస్సులో తిరిగొచ్చేటప్పుడు మాత్రం నా చెవి దగ్గర అంది: "జాయ్సీ, ఈయన్ని నేను ఉత్త చేతులతో ఒడ్డుకి తెస్తాను. అందరూ చూస్తుండగా."

టైము ఎక్కువ లేదు. ఏప్రిల్‌లో అక్కకి ఫైనల్ ఎగ్జిట్, ఇక తిరిగి రాకుండా ఇంటికే. ఉన్నది ఒక్క సీజను.

తర్వాత గుంపులో కొందరు గొణిగితే స్టాన్లీ గారే వాట్సాప్‌లో ఒక రూలు పెట్టాడు. ఇకమీదట చేప తగిలిన దగ్గర్నించి ఒక్కరే లాగాలి, వేరేవాళ్ల చెయ్యి రాడ్‌కి తగిలితే ఆ చేప లెక్కలోకి రాదు. అంటే పాత చేప ఆయనదే. ఆ 'ఇకమీదట' అన్న మాట చూసి అక్క ఫోన్ పక్కన పెట్టేసింది.

మా వార్డులో నాలుగో బెడ్ అబూ నాసిర్‌ది. జిజాన్ మనిషి, నలభై ఏళ్లు చేపల వేటలో ఉన్నాడు. కిడ్నీలు పోయాక కొడుకు నాసిర్ జెద్దా తీసుకొచ్చాడు. ఆ నాసిర్‌కి ఒభుర్‌లో సొంత పడవ ఉంది. ముసలాయన వారానికి మూడు రోజులు, నాలుగేసి గంటలు, గోడకేసి తిరిగి పడుకునేవాడు. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. పేషెంట్లతో మాట్లాడీ మాట్లాడీ అక్కకి అరబ్బీ బాగా వచ్చు. ఒక రోజు సూది పెడుతూ అడిగింది.

"అబూ నాసిర్, దెరాక్‌ని ఎలా పడతారు?" దెరాక్ అంటే మన వంజరమే.

"నీకెందుకమ్మా?"

"ఒకాయన మీద పగుంది."

ముసలాయన గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. ఆర్నెల్లలో ఆయన మొహం అలా వెలగడం నేను చూడలేదు. "మొదట్నించి చెప్పు," అన్నాడు.

అలా మొదలైంది చదువు. బెడ్ పక్కన డేటు అయిపోయిన ట్యూబులు రెండు పెట్టుకునేవాళ్లు, అవే గేలాల తాళ్లు. టిష్యూ డబ్బా పడవ. వంజరం పళ్లు బ్లేడులు, నైలాన్ తాడుని కొరికేస్తాయి, అందుకని చివర్లో మూరెడు స్టీలు వైరు కట్టాలి. నాలుగు ఎరలూ ఒకే దూరంలో వదలకూడదు, ఒకటి దగ్గర, ఒకటి దూరం. ఎర ముందు సీసం గుండు ఉంటే కిందికి దిగుతుంది. రీల్‌కి బ్రేకు ఉంటుంది, అది మరీ బిగిస్తే తాడు తెగుతుంది, వదిలేస్తే చేప ఈజిప్టు దాకా పోతుంది. ఆ బ్రేకు సరిచూడ్డానికి అక్క సూట్‌కేసు తూచే కాటా తెచ్చింది. గల్ఫులో ఆ కాటా లేని గది ఉంటుందా? తాడుకి కాటా తగిలించి లాగుతూ నర్సుల హాస్టల్ వరండాలో గంటలు గంటలు ప్రాక్టీసు చేసింది. రెండు శనివారాలు నాసిర్ కుటుంబంతో పడవెక్కి కూడా వచ్చింది.

అసలు పాఠం జనవరిలో చెప్పాడు ముసలాయన. టిష్యూ డబ్బాని కుడికి తిప్పాడు.

"చూడు. పడవ కుడికి తిరిగితే కుడి గేలం నెమ్మదిస్తుంది, కిందికి దిగుతుంది. ఎడమది బయటి దారిలో పరుగెత్తాలి కదా, పైకొచ్చి నీళ్ల మీద ఎగురుతుంది. చలికాలం దెరాక్ బద్ధకంగా, లోతులో ఉంటుంది. ఏ గేలాన్ని కొడుతుంది?"

"లోపలిదాన్ని."

"మరి చేప ఎవరికి పడాలో చెప్పేదెవరు? రాడ్ పట్టుకున్నవాడా?"

అక్క ఆ డబ్బాని తనే ఒకసారి కుడికి తిప్పి చూసింది. "పడవ నడిపేవాడు," అంది.

"ఆఁ. నా కొడుకు నీ మాట వింటాడు."

ఫిబ్రవరి శుక్రవారం. సీజన్లో ఆఖరి పోటీ, పెద్ద చేప పట్టినవాళ్ల ఫోటో కొత్త ఫ్లెక్సీ మీదికి ఎక్కుతుంది. ఈసారి పడవ అక్కే మాట్లాడింది, నాసిర్ పడవ. కోస్టుగార్డు పోస్టులో ఇకామా కార్డులు చూపించి పొద్దున్నే బయల్దేరాం. స్టాన్లీ గారు ఎక్కీ ఎక్కగానే ఎడమ మూల కూర్చున్నాడు. "ఇది నా లక్కీ ప్లేసు." ఆయన పక్కన బాబ్జాన్ భాయి, కడప మనిషి, మా హాస్పిటల్ డ్రైవరు. కుడి వైపు అక్క, రూబీ గారు. నేను నాసిర్ వెనక నిలబడ్డాను.

రీఫ్, అదే నీళ్ల కింద పగడపు దిబ్బ, దగ్గరికి రాగానే అక్క ఇటు తిరిగి, "యమీన్, నాసిర్," అంది. కుడికి. రీఫ్‌ని కుడి పక్కన పెట్టుకుని పడవ గుండ్రంగా తిరగడం మొదలెట్టింది. అక్క చెయ్యి చూపించినప్పుడల్లా నాసిర్ ఇంకాస్త కుడికి కోసేవాడు. స్టాన్లీ గారి ఎర నీళ్ల మీద కప్పలా గెంతుతోంది. రెండు గంటల్లో రూబీ గారికి మూడు, అక్కకి రెండు. చిన్నవే, కానీ చేపలు. ఎడమ వైపు సున్నా.

స్టాన్లీ గారు ఎర మార్చాడు. ఎరుపు, వెండి, పచ్చ, మళ్లీ ఎరుపు.

"ఏమండీ, ఎర మారుస్తున్నారా, చొక్కాలు మారుస్తున్నారా?" అన్నారు రూబీ గారు.

"నువ్వు మాట్లాడకు. సిస్టర్! కెప్టెన్‌తో ఆ కబుర్లేంటి, బీపీ చూస్తున్నారా? చేపలు పారిపోతాయి."

"సరేనండీ," అంది అక్క వినయంగా.

పదిన్నరకి ఆయన లేచాడు. "సిస్టర్, ఈ మూల నాకివ్వండి. మీకు చాలు కదా."

ఇక అయిపోయింది అనుకున్నాను. అక్క మాత్రం రాడ్ తీసుకుని టక్కున లేచింది. "అయ్యో, దానికేముందండీ, రండి." ఎడమ మూలకి వెళ్తూ నాసిర్ వెనకగా వంగి ఒక్క మాట అంది. "యసార్."

ఎడమకి! నాసిర్ మీసాల చాటున నవ్వాడు. పడవ రీఫ్‌ని దాటి వెనక్కి తిరిగి, అటునుంచి చుట్టడం మొదలెట్టింది. ఐదు నిమిషాలు కాలేదు, బాబ్జాన్ భాయి రీల్ కెవ్వుమంది.

"ఏంది సా ఇది! నువ్వు లేసి అట్ట పోంగానే ఇట్ట తగిల్య! పొద్దున్నే లేసింటే బాగుండు గదా!"

పడవంతా నవ్వు. షరఫియాలో విన్న నవ్వే, మనుషులు కూడా వాళ్లే. రూబీ గారు తన రాడ్ జరుపుకున్నారు. "మీరు నా పక్కన కూర్చోకండి బాబూ, నాక్కూడా ఆగిపోయింది." అక్క నవ్వలేదు. తాడు మీద వేలు పెట్టి నీళ్లకేసి చూస్తోంది.

పదకొండు దాటాక వచ్చింది దెబ్బ. రాడ్ విల్లులా వంగింది, తాడు రయ్యిమని వంద మీటర్లు పోయింది. అక్క కాళ్లు పడవ అంచుకి తన్నిపెట్టి నిలబడింది. ఇరవై నిమిషాలు. పెదవి కొరుక్కుంటోంది. చేప వస్తోంది, మళ్లీ పోతోంది. స్టాన్లీ గారికి అలవాటు కదా, లేచొచ్చి చెయ్యి చాపేశాడు. "ఇటివ్వండి, తెగి..."

"సా! చెయ్యి!" అని అరిచాడు బాబ్జాన్ భాయి. "నువ్వు బెట్టిన రూలే!"

చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అక్క ఆయన వైపు తిరగలేదు. "స్టాన్లీ గారూ, ఆ కొక్కెం కర్ర తీసుకోండి. మీరు కర్ర పట్టుకోండి, చేపని నేను పడతాను."

ఎవరూ నవ్వలేదు ఈసారి. అందరికీ విందులో ఆయన మైకులో అన్న మాట గుర్తొచ్చింది. ఆయన మొహం ఎర్రబడింది, కానీ పడవ నిండా కళ్లు. కర్ర తీసుకున్నాడు. చేప పక్కకి రాగానే కొక్కెం వేసి పైకి లాగాడు. సూట్‌కేసు కాటాకి వేలాడదీస్తే ఇరవై మూడు కిలోలు. ఫ్లెక్సీ చేప పంతొమ్మిది. స్టాన్లీ గారి డబ్బాలో ఐసు తప్ప ఏమీ లేదు, అలాగే ఒడ్డుకి దిగాడు.

ఫోటో నేనే తీశాను. ఆయనొచ్చి అక్క పక్కన నిలబడ్డాడు, నవ్వు కూడా పెట్టాడు. గ్రూపులో పెట్టేముందు అక్క ఫోన్ తీసుకుని జాగ్రత్తగా కత్తిరించింది. ఆయన మోచెయ్యి మాత్రం ఉంచింది. ఈ ఏడు ఫ్లెక్సీ అదే.

ఆదివారం నాలుగో బెడ్‌కి ముల్లు తీసిన ముక్కలు రెండు తెచ్చింది. "రెండేనా?" అన్నాడు అబూ నాసిర్. "మీ బ్లడ్ రిపోర్టుకి రెండే," అంది. ఆయన తిని, వేళ్లు తుడుచుకుని అడిగాడు. "ఖలాస్? పగ తీరిందా?"

"లేదు. ఆయనకింకా తెలియదు."

నిజమే. స్టాన్లీ గారు ఇది రీల్ తప్పనుకున్నాడు. కొత్త రీల్ కొని మళ్లీ ఎడమ మూలనే కూర్చుంటున్నాడు. నేను అక్కని అడిగాను, ఇది మోసం కాదా అని. "నేనాయన రాడ్ ముట్టుకున్నానా?" అంది. ఎయిర్‌పోర్టులో ట్రాలీ తోసుకుంటూ చెప్పింది: "నేను ఫ్లైటెక్కాక రాయి జాయ్సీ. తెలియకపోతే దురదృష్టం అనుకుంటాడు. ఓడించింది ఎవరో తెలియాలి."

అందుకే రాస్తున్నాను. స్టాన్లీ గారూ, యమీన్ అంటే కుడి, యసార్ అంటే ఎడమ. పదిహేనేళ్లుగా మీరు ట్యాక్సీ ఎక్కి చెప్పే మాటలే. ఆ రోజు పొద్దుట్నించీ మీ వెనకే వినిపించాయి.