ఒక రోగికి ఒకటే పాసు

ఢిల్లీలో తెలుగువాళ్ళ సభల్లో నన్ను పరిచయం చేసేటప్పుడు "సేవామూర్తి" అంటారు. ఆ మాట వినపడగానే నాకు ఒళ్ళు మండుతుంది. మూర్తులకు మోకాళ్ళ నొప్పులుండవు, ఆటో కిరాయి అక్కర్లేదు, మధ్యాహ్నమైతే ఆకలెయ్యదు. నాకు ఇవన్నీ ఉన్నాయి.

నేను చేసే పని చాలా మామూలుది. మన రెండు రాష్ట్రాల నుంచి, జబ్బు ముదిరి అక్కడి డాక్టర్లు చేతులెత్తేశాక, ఇక్కడి పెద్దాసుపత్రికని రైలెక్కి వచ్చేవాళ్ళుంటారు. వాళ్ళకు హిందీ రాదు. చీటీ ఏ కిటికీ దగ్గర రాయించుకోవాలో, రక్తం ఎక్కడ తీస్తారో, గార్డు ఎందుకు కసురుకుంటున్నాడో తెలియదు. నేను వాళ్ళ వెంట ఉండి డాక్టరు మాట వాళ్ళకూ, వాళ్ళ మాట డాక్టరుకూ చెబుతాను. నా థైరాయిడ్ చూపించుకోవడానికి ఒకనాడు ఆ ఆసుపత్రికి వెళ్ళి, కళ్ళ విభాగం వరసలో గుండె కాగితాలు పట్టుకుని నిలబడ్డ గుంటూరు జిల్లా మనిషిని చూసి, ఉండబట్టలేక నోరు విప్పాను. అలా విప్పిన నోరు మళ్ళీ మూతపడలేదు. మా ఆయన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. మా క్వార్టరు నుంచి ఆసుపత్రికి నడిచిపోవచ్చు. మా కాలనీలోనే ఉండే కరీంనగర్ ఆవిడ, రిటైరైన టీచరు, నాకు తోడైంది. రోజు విడిచి రోజు వంతులేసుకున్నాం. మా దళం అంతే, ఇద్దరం.

ఆ ఆసుపత్రిలో రోగితోపాటు లోపలికి ఒక్క మనిషినే పంపుతారు. ఆ ఒక్కరికీ పసుపుపచ్చ అట్టముక్క మీద ముద్రేసి పాసు ఇస్తారు. నియమం తప్పని నేననను. మనవాళ్ళు ఒక్కో రోగికి ముగ్గురు బావమరుదులతో దిగుతారు, అందరూ లోపలికెళితే డాక్టరు నిలబడటానికి చోటుండదు. కానీ నేను లోపలికి వెళ్ళాలంటే ఆ పాసు నా చేతిలో ఉండాలి. నా చేతిలో ఉందంటే రోగి సొంతమనిషి బయట ఉండాలి. చాలాకాలం దీన్ని చిన్న ఇబ్బంది అనుకున్నాను.

పల్నాడు నుంచి ఒక జంట వచ్చింది. ఆయనకు కడుపులో గడ్డ. భార్య పాసు నాకిచ్చి బయట ఇనప కటకటాల దగ్గర నిలబడింది. లోపల కుర్రడాక్టరు స్కాన్ ఫిల్ము లైటుకు పెట్టి చూసి, ఆపరేషన్ వల్ల లాభం లేదని, నొప్పికి మందులు రాస్తానని, ఇంటికి తీసుకెళ్ళమని ఇంగ్లీషులో నాకు చెప్పాడు. మర్యాదగానే చెప్పాడు. పక్కన రోగి నా మొహం చూస్తున్నాడు. "ఏమంటన్నాడమ్మా?" అన్నాడు. "బయటికెళ్ళాక చెబుతానండీ" అన్నాను.

బయట భార్యను పక్కకు తీసుకెళ్ళి చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"నాకు చెప్పాల్సిన మాట మీకు చెప్పాడా?" అంది.

"మీకు చెప్పమన్నారమ్మా."

"ఇంకోసారి చూడమని అడిగారా?"

"అడిగాను."

"మీరు అడగటం వేరు. నేనైతే కాళ్ళు పట్టుకునేదాన్ని." నా చేతిలో పాసు వైపు చూసి, "ఇంతకీ మీరెవరమ్మా మాకు?" అంది.

ఆవిడ తిట్టడానికి అన్నది కాదు. నిజంగానే అడిగింది. ప్రభుత్వం లెక్కలో నేనెవరినీ కాను. ఆ గేటు దగ్గర నేను రోగి బంధువుల చోటు ఆక్రమించే పరాయిదాన్ని, అంతే.

ఆనాటి నుంచి నేను అడగటం మొదలుపెట్టాను. వాలంటీరు కార్డు ఇవ్వండి, పాసుతో పని లేకుండా నన్ను లోపలికి పంపండి. రాకపోకల ఖర్చివ్వండి, అప్పుడు నా తర్వాత ఇంకొకరు వస్తారు. చావు కబురు ఎలా చెప్పాలో నాకెవరూ నేర్పలేదు, వచ్చేవాళ్ళకైనా నేర్పండి. స్వచ్ఛందంగా చేసే పనికి సర్కారు సాయమెందుకని అడిగేవాళ్ళకు నాదొకటే ప్రశ్న. ఖాళీ సమయం, భర్త జీతం, ఆసుపత్రి పక్కనే క్వార్టరు ఉన్న ఆడవాళ్ళు మాత్రమే చెయ్యగలిగితే, అది సేవ అవుతుందా, మా అదృష్టం అవుతుందా? బేర్ సరాయ్‌లో ఇరుకు గదుల్లో ఉండి చదువుకునే మన పిల్లల్ని అడిగి చూశాను. రాలేమనలేదు. "ఆంటీ, ఒక పూట పోతే కోచింగ్ క్లాసు పోతుంది. అనుభవమని ఎక్కడైనా రాసుకోనిస్తారా?" అన్నారు. రాసుకోనివ్వడానికి నేనెవరిని?

తొందరెందుకంటే మా ఆయన రిటైర్మెంటు దగ్గరపడింది. క్వార్టరు ఖాళీ చెయ్యాలి. మేం కొనుక్కున్న ఫ్లాటు గ్రేటర్ నోయిడాలో ఉంది. అక్కణ్ణుంచి ఆసుపత్రికి రావాలంటే మెట్రోలు మారుతూ సగం రోజు దారిలోనే పోతుంది. కరీంనగర్ ఆవిడకా షుగరు, కాళ్ళ వాపులు. నేను వెళ్ళేలోగా ఈ పని ఎవరికో ఒకరికి అప్పగించాలి. అప్పగించాలంటే చెయ్యి చాపేవాళ్ళుండాలిగా.

"జీతమిస్తే అది స్వచ్ఛంద సేవ ఎలా అవుతుంది?" అన్నారు మా ఆయన, పేపరు మడవకుండానే.

"జీతం ఎవరడిగారు? మీ ఆఫీసులో మీటింగు పెడితే టీ, బిస్కెట్లు ఎవరి డబ్బుతో వస్తాయి?"

"అది కంటింజెన్సీ, చిల్లర ఖర్చుల పద్దు."

"నాదీ కంటింజెన్సీయే."

"అలా కాదు. నువ్వు రేపట్నుంచి మానేశావనుకో, ప్రభుత్వం దిగొస్తుందా?"

"మానకపోయినా దిగిరావట్లేదు."

"ఇంకేం, మానెయ్. హాయిగా ఇంట్లో ఉండు." ఆయన పేపర్లోకి వెళ్ళిపోయారు. ఇరవై నాలుగ్గంటలూ ఫైళ్ళ మధ్య బతికిన మనిషి. ఫైలు లేని పని ఆయన కళ్ళకు ఆనదు.

చివరికి మా తెలుగు సంఘం కార్యదర్శి గారిని పట్టుకున్నాను. మన తెలుగు అధికారి ఒకాయన ఇలాంటి వ్యవహారాలు చూసే శాఖలో పెద్ద హోదాలో ఉన్నారని, ఆయన్ని పావుగంట కలిపించమని అడిగాను.

"పావుగంటేంటి మేడమ్, రెండు గంటలు కూర్చోబెడతాను! వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా పిలుద్దాం."

"సభ వద్దండీ. నేను ఆయనతో మాట్లాడాలి."

"ఊరికే కలవమంటే కలవరు మేడమ్. సన్మానం పెడితే వస్తారు."

"ఆయనకా?"

"ఆయన చేతుల మీదుగా మీకు!"

వద్దన్నాను. ఆయన నవ్వి, "మీరు వద్దంటారని నాకు తెలుసు" అన్నారు. అప్పుడే అనుమానించాల్సింది. మనవాళ్ళకు ఒకళ్ళ కష్టం చెవిన పడితే చేతులు తిన్నగా శాలువా మీదికి పోతాయి. వినతిపత్రం తెచ్చినవాడికీ శాలువాయే, ఫిర్యాదు తెచ్చినవాడికీ శాలువాయే. ఒకసారి కప్పాక ఇక వాడు అడగడానికి ఏం మిగులుతుంది?

కరోల్ బాగ్‌లో హాలు. మే నెల. ఏసీ ఉన్నట్టే శబ్దం చేస్తోంది గానీ గాలి లేదు. నన్ను సింహాసనం లాంటి కుర్చీలో కూర్చోబెట్టి, దండేసి, శాలువా కప్పి, తలమీద కిరీటం పెట్టబోతే చేత్తో తోసేశాను. సన్మానపత్రం చదివారు. అందులో నేను నదిని, దీపాన్ని, కల్పవృక్షాన్ని. ఆసుపత్రి అన్న మాట మాత్రం ఒక్కసారి వచ్చింది. అధికారి గారు మైకు తీసుకున్నారు.

"ప్రభుత్వం నుంచి ఒక్క రూపాయి తీసుకోకుండా ఇన్నేళ్ళుగా ఈ తల్లి చేస్తున్న సేవ దేశానికే ఆదర్శం! అన్నీ సర్కారే చెయ్యాలనే రోజులు పోయాయి."

చప్పట్లు. మెడ చుట్టూ చెమట. నేను అడగాలనుకున్నదంతా, అడక్కుండా ఉన్నందుకు పొగడ్తగా మార్చి నా నెత్తిన పెట్టారు. ముందు వరసలో కరీంనగర్ ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

నాకు మైకిచ్చారు. "ఒక్క రూపాయి తీసుకోకపోవడం నా గొప్ప కాదు. మీరివ్వలేదు గనక తీసుకోలేదు" అన్నాను. గొల్లుమని నవ్వారు. "నేను నవ్వించడానికి చెప్పట్లేదు. ఈ శాలువా నాకొద్దు, కార్డు కావాలి. నేను లోపలికి వెళ్ళాలంటే ఒక భార్యనో భర్తనో బయటికి గెంటాల్సి వస్తోంది."

శాలువా తీసి బల్ల మీద పెట్టాను. కార్యదర్శి గారు చటుక్కున మైకందుకున్నారు. "చూశారా, శాలువా కూడా వద్దంటున్నారు! అదీ నిరాడంబరత అంటే!" హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. శాలువా మళ్ళీ నా భుజాల మీదికొచ్చింది.

భోజనాల దగ్గర అధికారి గారు పులిహోర ప్లేటుతో నా పక్కకొచ్చారు. మైకు లేనప్పుడు ఆయన మనిషిలాగే మాట్లాడారు.

"మీరన్నది నాకర్థమైందండీ. కానీ నేను పైకి రాయాలంటే సమస్య ఉండాలి. మీరు బాగా చేస్తున్నారు, ఎక్కడా ఫిర్యాదు లేదు. సమస్య ఎక్కడుందని రాయను?"

"అంటే మేం మానేస్తే రాస్తారా?"

"అలా నేను ఎలా అంటాను?" అన్నారు, నా కళ్ళలోకి చూడకుండా. మంచాయనే. అందుకే ఇంకా భయమేసింది.

తిరిగొస్తూ ఆటోలో కరీంనగర్ ఆవిడతో అన్నాను, మానేద్దామని.

"మానేద్దామంటవు. రేపు ఆ గేటుకాడ ఎవరన్న తెల్లమొఖం ఏస్కొని నిలవడితే నీకు బువ్వ దిగుతదా?"

"అయితే ఏం చేద్దామంటారు?"

"నన్నడుగుతవేందమ్మా, శాలువ నీకు గప్పిన్రు గని!"

దారంతా వాదించుకుని ఒక మధ్యేమార్గం తేల్చాం. వెళదాం, కానీ పాసు తీసుకోవద్దు. కావలసినవాళ్ళే లోపలికి వెళ్ళాలి. భాష రాక డాక్టరుకు ఇబ్బందైతే ఆయనే మమ్మల్ని లోపలికి పంపమని అడుగుతాడు. కష్టం కనపడాలంటున్నారుగా, కనపడనిద్దాం. నాకు ఆ ఆలోచన చాలా తెలివైనదిగా తోచింది.

మర్నాడు నా వంతు. నూజివీడు వైపు మనిషి, భార్యను చక్రాల కుర్చీలో పెట్టుకుని తీసుకొచ్చాడు. ఆవిడకు మూత్రపిండాల జబ్బు, మాట కూడా సరిగ్గా రావట్లేదు. పాసు నాకివ్వబోయాడు. "మీరే వెళ్ళండి, డాక్టరు పిలిపిస్తే నేనొస్తాను" అన్నాను. గార్డుకు కూడా చెప్పాను.

"దీదీ, ఆజ్ ఆప్ నహీఁ జాయేంగీ?" అన్నాడు గార్డు, ఇవాళ లోపలికి వెళ్ళట్లేదంటే నాకు జ్వరమొచ్చిందేమోనన్నట్టు చూస్తూ.

"బులాయేంగే తో జావూఁగీ, భయ్యా" అన్నాను, పిలిస్తే వెళతానని.

ఎవరూ పిలవలేదు. వెళ్ళినంత వేగంగా ఇద్దరూ బయటికొచ్చారు. డాక్టరు రెండు ప్రశ్నలడిగి, ఈయన బిక్కమొహం చూసి, భాష తెలిసినవాళ్ళను తీసుకు రమ్మని చెప్పినట్టున్నాడు. కాగితం మీద వచ్చే నెల తేదీ వేసి పంపించేశాడు. వీళ్ళ వెనక వరస చాంతాడంత ఉంది మరి. తేదీ పడ్డాక ఆ రోజు మళ్ళీ లోపలికి పంపరు. నన్ను పిలవాలని డాక్టరుకెందుకు తోస్తుంది? నేనున్నానని ఆయనకు ఏ కాగితం చెప్పింది?

నూజివీడు మనిషి నా మీద కోప్పడితే బాగుండేది.

"నాకు తెలివి లేదమ్మా, ఆయనడిగింది చెప్పలేకపోయాను. తప్పు నాదే" అన్నాడు. "నెల్లాళ్ళు ఇక్కడే ఉంటాం. ధర్మశాలలో చోటిచ్చారు లెండి." భార్య కాళ్ళ మీద దుప్పటి సర్దాడు.

సమస్య కనపడాలన్న అధికారి గారికి చెప్పడానికి ఆ సాయంత్రం ఫోను చేశాను. ఆయన ఎత్తారు, విన్నారు. "ఒక్క కేసుతో ఎలాగండీ" అన్నారు. ఎన్ని కావాలని అడిగి పెట్టేశాను. ఇలాంటివాళ్ళను ఎందరిని పోగుచెయ్యాలి నేను?

ఆ నెలలోనే క్వార్టరు ఖాళీ చేశాం. ఫ్లాటు పధ్నాలుగో అంతస్తులో. కిందికి చూస్తే రోడ్లు, కట్టని టవర్లు. మా ఆయనకు బాల్కనీ నచ్చింది. నాకు మాత్రం అక్కడ నిలబడితే ఊపిరాడదు. ఇంట్లో ఉంటే గేటు దగ్గర ఎవరున్నారోనని, గేటు దగ్గరుంటే ఇల్లు చేరేదెప్పుడోనని. కరీంనగర్ ఆవిడ మోకాలు పట్టేసి మంచమెక్కింది. ఇప్పుడు వంతుల్లేవు.

నెల తిరిగాక వాళ్ళ తేదీ నాడు తెల్లవారకముందే బయల్దేరాను. నూజివీడు మనిషి కటకటాల దగ్గర నా కోసమే చూస్తున్నాడు. నేను నోరు తెరిచేలోగానే పాసు నా చేతిలో పెట్టి, వేళ్ళు మడిచాడు.

"మీరే వెళ్ళండమ్మా. ఈసారి నన్ను పంపకండి."

రెండో మనిషిని పంపమని గార్డును అడిగాను. హిందీలో నాకొచ్చిన కటువైన మాటలన్నీ వాడాను. గార్డు తల అడ్డంగా ఊపి, "దీదీ, మేరీ నౌకరీ జాయేగీ" అన్నాడు. వాడి ఉద్యోగం పోతుందన్నదీ నిజమే. వాడితో పోట్లాడి నాకొచ్చేదేముంది? వాడికి పైనుంచి ఒక ఆర్డరు కావాలి, ఒక్క పేజీ. ఆ పేజీ రాయగలవాళ్ళు నాకు శాలువా కప్పి, పులిహోర తిని వెళ్ళారు.

ఆయన భార్య వైపు వంగి, "ఈ అమ్మగారికి అన్నీ చెప్పు, సిగ్గుపడమాక" అన్నాడు. వచ్చే నెలా ఇంతే, నాకు తెలుసు. ఆవిడ ఆయన చొక్కా అంచు పట్టుకుంది. వదిలించడానికి ఆయనకు కాస్త సమయం పట్టింది. వెనక వరస తోస్తోంది. నేను కుర్చీ పిడి పట్టుకుని లోపలికి తోశాను. తలుపు మూసుకునేదాకా ఆవిడ మెడ తిప్పి ఆయన వైపే చూస్తోంది.