మూరెడు చుట్ట

ముందే ఒప్పుకుంటున్నాను. నేను దోమ గురించి చెబితే వినేవాళ్లు ఏనుగుకు దారి ఇస్తారు. ఇంట్లోవాళ్లు నా మాటల్ని మూడుతో భాగించి వింటారు. మా మేనమామ ఒక్కడే భాగించేవాడు కాదు.

ఆయన భద్రాచలంలో చుట్టలు చుట్టేవాడు. ఒకటి వెలిగిస్తే గోదావరి అవతల మేకలు తుమ్మేవి. అసలు విద్య చుట్టడంలో లేదు, కలపడంలో ఉంది. వరద వదిలిన ఒండ్రులో పెరిగిన ఆకు ఘాటెక్కువ, ఒక్కటే వేస్తే గొంతు పట్టుకుంటుంది. అందుకని జూలూరుపాడు వైపు ఎర్రనేల ఆకు కలిపి మెత్తబరిచేవాడు. మంట నిలవడానికి నిరుటి ఆకు కొంచెం. పాళ్లెంతో చెప్పడు. గుప్పెడు ముక్కు దగ్గర పెట్టుకుని, మిర్చి యార్డులో ధర తగ్గించడానికి వచ్చిన దళారీలా ముఖం చిట్లించి, చిటికెడు తీసేసేవాడు.

రెండేళ్ల కింద ఒక పత్రికలో ఆయన చుట్ట గురించి రాశాను. మూరెడు పొడవనీ, రోకలంత లావనీ, ఖమ్మంలో వెలిగిస్తే భద్రాచలం దాకా కాలుతూనే ఉంటుందనీ. నిజానికి జానెడు కూడా ఉండదు. అది చదివి ఖమ్మం మిర్చి వ్యాపారి ఒకాయన ఫోన్ చేశాడు.

"ఫారిన్ సిగార్లన్నీ తాగిన. గా మూరెడు చుట్ట తాగాలె. ఆదివారం దోస్తులతోని వస్తున్న."

వద్దనాల్సింది. తప్పకుండా రండి అన్నాను.

మామ నెత్తి కొట్టుకున్నాడు.

"గంత లావు చుడితే లోపలి తడి పోవద్దా అల్లుడా? నెల పడ్తది."

"ఒక్కటి చాలు మామా. లేకపోతే నన్ను అబద్ధాలకోరంటరు."

"ఇప్పుడేమంటుండ్రు మరి?"

అన్నాడే గానీ చుట్టడానికి కూర్చున్నాడు. నలభై ఏళ్లలో పచ్చి చుట్ట ఎవరి చేతికీ ఇవ్వని మనిషి.

ఆదివారం ఉతికిన చొక్కా వేసుకుని, చుట్టను పళ్లెంలో పెట్టి తెచ్చాడు. పై ఆకు మీద ఈనె ఒక్కటి కనబడితే ఒట్టు. వ్యాపారి వెలిగించి రెండు దమ్ములు బాగానే లాగాడు. మూడో దమ్ముకు లోపల చుయ్యిమని ఆరిపోయింది. మళ్లీ వెలిగిస్తే పక్కన పగిలి, నోట్లోకి నల్లటి రసం దిగింది. ఉమ్మేసి, "చుట్టనా, చెరుకు గడనా ఇది?" అని పగలబడి నవ్వాడు. స్నేహితులూ నవ్వారు.

మామ ఆ చుట్టను తీసుకుని, ఆకుకు ఆకు విప్పి వాసన చూశాడు. "పాళ్లు మంచిగనే కుదిరినయ్" అన్నాడు. ఎవరూ వినలేదు.

ఆ తర్వాత ఆయన చుట్ట చుట్టలేదు. ఎవరడిగినా కండ్లు కనబడ్తలేవంటాడు. బియ్యంలో రాయిని మాత్రం అత్తకంటే ముందు చూస్తాడు.

పెంచి చెప్పినవి మీరు పట్టేసే ఉంటారు. పూర్తిగా కల్పించింది వ్యాపారి నవ్వు. ఆయన రుమాలుతో మూతి తుడుచుకుని, "పర్లేదు పెద్దాయనా, నెలాగి మళ్ల వస్త" అన్నాడు. చెరుకు గడ మాట నాది. నేను నవ్వాకే మిగతావాళ్లు నవ్వారు.