సెల్‌హోమ్ ఇంటిపేరు

సెల్‌హోమ్ అంటే సీల్ జంతువులు చేరే దిబ్బ. ఆ పేరున్న ఊరిని సముద్రం ఎప్పుడో మింగేసింది. ఇంటిపేరుగా మాత్రం ఇంగ్లండులోని మా యార్క్‌షైర్ తీరంలో ఒక్క కుటుంబానికి మిగిలింది.

ఆ ఇంటి పెద్ద ఆంబ్రోస్, పెళ్ళికాకుండా కడుపుతో ఉన్న కూతురు ఈనిడ్‌ను, "మా పేరు చెడగొట్టావు, పో" అని గెంటేశాడు. ఆ చలికాలమే చేపల వేటకెళ్ళిన కొడుకులిద్దరూ పడవతో సహా మునిగిపోయారు. శవాలు కూడా దొరకలేదు.

వసంతంలో ముసలాయన హల్ పట్నంలో కూతురి గడప తొక్కాడు. ఉయ్యాలలో మగబిడ్డ ఉన్నాడు.

"వీడన్నా మన పేరు నిలబెడతాడు తల్లీ."

"నన్ను చేరదీసి పెళ్ళాడినాయన వీడికి తన పేరిచ్చాడు నాన్నా. మీరిచ్చుంటే అదే ఉండేది. టీ తాగి వెళ్ళండి."

ఆంబ్రోస్ తాగలేకపోయాడు. ఆయన పోయాక, సెల్‌హోమ్ అని పిలిస్తే పలికేవాళ్ళు లేరు.