యాభై ఎనిమిది పౌన్ల బిగువు

మెట్ల కింద, పడుకుంటే కాళ్లు బయటికొచ్చేంత గదిలో ముప్ఫై ఏళ్లుగా టెన్నిస్ రాకెట్లకు తీగలు బిగిస్తున్నాడాయన. అసలు పేరు ఏ కాగితాల్లోనో ఉంటుంది గానీ, ఆ తీగలు బిగించే పనిని గట్టింగ్ అంటారు కనక వీధి మొత్తానికి ఆయన గట్టింగాయన. జన్మలో రాకెట్ పట్టుకోని ఆయన భార్య కూడా ఆ లెక్కన గట్టింగావిడ అయింది.

చూసేవాళ్లకి ఆ పని తేలిక. బల్లకు బిగించిన మిషన్‌లో ఫ్రేము పెట్టాలి. ముందు నిలువు తీగలు, తర్వాత అడ్డ తీగలు. ఒక్కో తీగనూ పిడి తిప్పి లాగుతూ, ముల్లు కావలసిన అంకె మీదికి రాగానే క్లిప్పు వేయాలి. ఒకప్పుడు ముప్పావుగంటలో ఒక రాకెట్ దింపేవాడు. ఇప్పుడు గంటన్నర. నడుము పట్టేస్తుంది, బొటనవేలు మొద్దుబారుతుంది. స్టూలు మీంచి లేవాలంటే బల్లను బతిమాలుకోవాల్సి వస్తోందని భార్యతో అంటాడు. ఆవిడేమో బల్లనైనా బతిమాలుతున్నారు, నన్నెప్పుడు బతిమాలారు కనక అంటుంది.

ఆయన అన్న కూతురే ఛాంపియన్. తొమ్మిదిసార్లు దేశంలో మొదటి స్థానం ఆమెదే. ముప్ఫై ఎనిమిదేళ్లొచ్చాయి. పదహారేళ్లప్పటి నుంచీ ఆమె రాకెట్లకు ఈ చేతులే తీగలు బిగించాయి, అదీ ఒకటే బిగువు, యాభై ఎనిమిది పౌన్లు. ఆడవాళ్లలో అంత గట్టి తీగలతో ఆడేవాళ్లు తక్కువ. బంతి తీగల సాయంతో పోదు, చేతి బలంతో పోవాలి. బిగువు తగ్గించమని తన చెయ్యి అడిగిన రోజున ఆట మానేస్తానని ఆమె ఇరవై రెండేళ్ల వయసులో అంది. అది పేపర్లో కూడా పడింది. గట్టింగావిడ ఆ ముక్క కత్తిరించి బియ్యం డబ్బా మూతకి లోపల అంటించింది.

ఏడాది కిందటి సంగతి. ఒక పోటీకి మూడు రాకెట్లు ఇచ్చి వెళ్లింది. ఆయన ఎప్పటిలాగే బిగించి, ఫ్రేము మెడ దగ్గర తెల్ల ప్లాస్టరు ముక్క అతికించి, దాని మీద యాభై ఎనిమిది అని రాశాడు. రెండు రోజుల తర్వాత వేరే పనిలో భూతద్దం పెట్టుకుని మిషన్ చూస్తే అప్పుడు తెలిసింది. తాను ముల్లును ఆపుతున్నది యాభై ఐదు దగ్గర. కళ్లకు మసక అడ్డం వచ్చి రెండు గీతలు ఒక్కటిగా కనబడ్డాయి. ఫోను చేసి చెప్పేద్దామని నంబరు వెతుకుతుండగానే ఆమే ఫోను చేసింది. గెలిచిందట. చాలా రోజుల తర్వాత భుజం నొప్పి లేకుండా నిద్రపోయిందట. ఏం చేశావు బాబాయ్, బంతి దానంతటదే ఎగిరిపోతోంది అని నవ్వింది. కొత్తరకం తీగ అని చెప్పాడాయన. అంతే, అక్కడ కాలు జారింది.

ఆపైన జరిగింది పొరపాటు కాదు, తెలిసి చేసిన పని. కోసి పారేసే పాత తీగలు ఆయన చదువుకున్న పుస్తకంలాంటివి. బంతి తగిలి తగిలి పడే గాట్లు ఆమె రాకెట్లో ఎప్పుడూ సరిగ్గా మధ్యలో, రూపాయి బిళ్లంత చోటులో ఉండేవి. ఇప్పుడవి చెదిరి, పిడి వైపుకు జారాయి. అంటే చెయ్యి ఆలస్యంగా వస్తోంది. గాట్లు జారినప్పుడల్లా ఆయన ఇంకో పౌను తగ్గించాడు. ఇప్పటికి యాభై రెండు. ప్లాస్టరు మీద మాత్రం యాభై ఎనిమిదే.

ఈ నెలలో టెన్నిస్ సంఘం వాళ్లు ఆమెకు ఒక కాగితం పంపారు. ఇంకో రెండేళ్లు జట్టుతో ఊళ్లు తిరిగి ఆడాలి, శుక్రవారంలోగా సంతకం చేసి పంపాలి. బుధవారం పొద్దున ఆమె ఆ కాగితమూ రెండు రాకెట్లూ పట్టుకుని మెట్ల కిందికి వంగి వచ్చింది. కళ్ల కింద నలుపు, మోచేతికి పట్టీ. పిన్ని ఇచ్చిన టీ తాగుతూ చెప్పుకొచ్చింది. నువ్వు అయిపోయావని మొగుడంటాడు, కోచ్ అంటాడు, పేపర్ల వాళ్లంటారు. అలసిపోయిన మాట తనకూ తెలుసు. కానీ యాభై ఎనిమిదికి చెయ్యి ఇంకా ఆగుతోంది కదా, అందుకే సంతకం పెట్టేస్తోందట.

జట్టుతో వెళ్తే అక్కడ తీగలు బిగించే మిషన్లు కరెంటువి, ఏ అంకె చెబితే ఆ అంకెకే లాగుతాయి. ఆమె యాభై ఎనిమిది అని చెబుతుంది. ఆ బిగువుకు ఆ మోచెయ్యి పది రోజులు నిలవదు. గుమ్మంలో నిలబడ్డ భార్య వైపు చూశాడాయన. ఆవిడకు ఎప్పుడో తెలుసు. ఆవిడకు తెలియకుండా ఆ ఇంట్లో పిల్లి కూడా నడవదు. ఏడాదిగా చెప్పెయ్యండి, చెప్పెయ్యండి అని పోరుతూనే ఉంది. ఇప్పుడు మాత్రం గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

"సంతకం పెట్టకమ్మా," అన్నాడాయన. "నువ్వు ఆడుతున్నది యాభై రెండుతో."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. ఆయన కంటి మసక నుంచి మొదలుపెట్టి, గాట్లు, ప్లాస్టర్లు, కొత్తరకం తీగ అన్న అబద్ధం, ఏదీ దాచకుండా తల వంచుకుని చెప్పాడు. ఆమె కేకలేస్తే బాగుండేది. చాలాసేపు మిషన్ ముల్లు వైపే చూసింది.

"అందరూ నా చెయ్యి అయిపోయిందంటుంటే, నువ్వొక్కడివే అనలేదనుకున్నాను బాబాయ్."

"అనే ధైర్యం లేకే ఇదంతా."

ఒక రాకెట్‌ను నిజంగా యాభై ఎనిమిదికి బిగించమంది. భూతద్దం పెట్టుకుని, ప్రతి తీగకూ రెండుసార్లు చూసుకుంటూ, రెండు గంటలు పట్టింది ఆయనకు. అది తీసుకుని, రెండోది అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. ఆ రోజు ఆయన అన్నం కెలికి వదిలేశాడు. ఇక ఆ పిల్ల ఈ మెట్ల కిందికి రాదేమోనన్నాడు. దానికి ఈ ఇంటి దారి నడవడం వచ్చినప్పటి నుంచీ తెలుసు, రాకేం చేస్తుంది అంది భార్య. కానీ ఆవిడ కూడా వీధి వైపు కిటికీ మూయలేదు.

గురువారం మధ్యాహ్నం ఆమె వచ్చింది. మోచెయ్యి వాచి ఉంది. కోర్టులో ఇరవై నిమిషాలు ఆడిందట. ఆ తర్వాత రాకెట్ చేతిలో నిలవలేదట. ఆ సంగతి ఎవరో పక్కింటివాళ్ల గురించి చెప్పినట్టు చెప్పి, ఎదురు స్టూలు మీద కూలబడింది. ఆయన పట్టకారు తుడుస్తూ కూర్చున్నాడు. ఆఖరికి కాగితం సంగతి అడిగాడు.

"రానని రాసి పంపేశాను. వచ్చే నెల మన ఊళ్లో పోటీ ఉందిగా, అదొక్కటి ఆడతాను. దానికి యాభై రెండే బిగించు. ప్లాస్టరు మీద కూడా అదే రాయి."

ఆయన తన దగ్గరే ఉండిపోయిన రెండో రాకెట్ తీసి, పాత ప్లాస్టరు పీకి కొత్తది అతికించాడు. కలం తీశాడు గానీ తెల్ల ముక్క మీద మొన ఎక్కడ ఆనుతోందో కనబడలేదు. ఆమె ఆయన చేతిలోంచి కలం తీసుకుని తనే యాభై రెండు అని రాసింది. ఎడమ చేత్తో రాసిందేమో, అంకెలు వంకర పోయాయి.

"ఆ కళ్లు డాక్టరుకు ఎప్పుడు చూపిస్తావు?"

"చూపించాలి. ఈ పనులు తెమిలాక."

"రేపు నేను తీసుకెళ్తాను. ఇప్పుడు నాకంటే తీరికైనవాళ్లు ఎవరున్నారు," అంది.

లోపల్నుంచి పిన్ని, ఎల్లుండికి వాయిదా వెయ్యనివ్వకమ్మా అంది. గోడ చాటునే ఉన్నట్టుంది ఇంతసేపూ. ఇద్దరికీ నవ్వొచ్చింది గానీ పైకి నవ్వే ఓపిక లేకపోయింది.

ఆయన ఫ్రేమును మిషన్‌లో పెట్టి మొదటి నిలువు తీగ దూర్చాడు. భూతద్దం కోసం తడుముకుంటుంటే ఆమె దాన్ని పక్కకు జరిపి, తన స్టూలును ముల్లు దగ్గరికి లాక్కుంది. ఆయన పిడి తిప్పాడు. ఆమె ముల్లు మీదికి వంగి చెప్పసాగింది.

"ఇంకా... ఇంకొంచెం... చాలు బాబాయ్."

ఆయన క్లిప్పు వేసి రెండో తీగ అందుకున్నాడు.