నాలుగు పాయల జడ

ఆగ్లాయా పన్నెండేళ్లలో తొమ్మిది మంది పరాయి పిల్లల్ని పెంచింది. ప్రభుత్వం జీతమిచ్చి పెట్టుకున్న పెంపుడు తల్లి ఆమె. బర్లాద్ ఊరి చివర రెండు గదుల ఇల్లు, పదకొండు కోళ్లు, సతాయించే మోకాలు. ఎనిమిది మంది వెళ్లిపోయినప్పుడు గేటు దగ్గర చెయ్యి ఊపి, లోపలికొచ్చి వాళ్ల దుప్పట్లు ఉతుక్కుంది. తొమ్మిదోది ఇలింకా, ఎనిమిదేళ్లది. వచ్చి రెండేళ్లయింది. దీన్ని పంపే మాట వస్తేనే ఆగ్లాయా మాట మార్చేస్తుంది.

కన్నతల్లి రోడికా తాగుడు మానేసి ఏడాదైంది. బేకరీలో పనికి కుదిరింది. క్రిస్మస్ తర్వాత నుంచి ప్రతి బుధవారం సంక్షేమ కార్యాలయంలో గంటసేపు కూతుర్ని చూడనిస్తున్నారు. ఆ గంటంతా జడ వేయడంతోనే సరిపోయేది. నాలుగు పాయలు, మధ్యలో ఎర్ర రిబ్బను, నున్నటి అల్లిక. ఆగ్లాయాకు మూడు పాయలే వచ్చు. ఇంట్లో ఊలుదారాలు కుర్చీకి కట్టి ఎన్నోసార్లు అల్లి చూసింది. నాలుగో పాయను ఎటు తిప్పాలో వేళ్లకు అందలేదు.

తిరుగు బస్సులో ఆగ్లాయా, "జుట్టుకు దుమ్ము పట్టిందే, దువ్వుతా రా" అనేది.

"వద్దు పెద్దమ్మా! అమ్మ వేసింది!"

"మీ అమ్మ తల ఊడిపోయేలా బిగించింది. కదలకు."

విప్పేసేది. మళ్లీ అల్లేలోపు ట్యూషన్ స్టాపు వచ్చేది. పిల్ల ఏడుస్తూ దిగేది.

మునుపు టీచరు, అధికారి, పెంపుడు తల్లి ఎవరి నివేదిక వాళ్లు రాసి పంపేవాళ్లు. ఈ ఏడు పద్ధతి మారింది. కన్నతల్లితో సహా అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని చదివి వినిపించాలి. ఈస్టరుకు ఇలింకాను తల్లి ఇంటికి పంపేయాలా వద్దా అని ఫిబ్రవరిలో కూర్చున్నారు.

ట్యూషన్ టీచరు జంఫిరా చదివింది: "బుధవారం తల్లిని కలిసి వచ్చాక పిల్ల జుట్టు విరబోసుకుని, కళ్లు వాచి ఉంటోంది. ఆరు వారాలుగా ఇదే వరస."

సంక్షేమ అధికారి ప్రుటేయాను గారు తల ఎత్తారు. "రోడికా, ఆ గంటలో ఏం జరుగుతోందమ్మా?"

"జడ వేస్తానండీ, అంతే! నవ్వుతూనే వెళ్తుంది." రోడికా బల్ల మీదికి వంగింది. "మళ్లీ తాగుతున్నాననుకుంటున్నారా? రండి, వాసన చూడండి!"

"ఇలాగైతే ఇంకో ఏడాది ఆగాల్సిందే" అన్నారు అధికారి.

ఇంకో ఏడాది. ఆగ్లాయా కోరుకున్నది అడక్కుండానే ఒళ్లో వచ్చి పడింది. నోరు మూసుకుంటే చాలు. ఆమె రోడికా వేళ్లకేసి చూసింది. పొయ్యి కాల్చిన మచ్చలున్నాయి. ఆ వేళ్లను చూస్తే ఇప్పటికీ ఒళ్లు మండింది.

"జడ విప్పేది నేను" అంది. "బస్సులో, ప్రతి వారం. అది చూడలేక."

జంఫిరా కలం పట్టుకుని, "ఇది... రాయమంటారా?" అంది.

"రాయండి. మీ అక్షరాలు ఎలాగూ ఎవరికీ అర్థం కావుగా."

"నా బిడ్డను ఏడిపించావా అక్కా?" రోడికా లేచి నిలబడింది.

"ఏడిపించాను. నేను ఆరు వారాలు, నువ్వు ఆరేళ్లు. కూర్చో."

రోడికా కూర్చుంది. ఆగ్లాయాకు హెచ్చరిక కాగితం వచ్చింది. ఈస్టరుకు పిల్లను ఇంటికి పంపడం ఖాయమైంది.

ఆ తర్వాతి బుధవారం బస్సులో ఆగ్లాయా రెండు చేతులూ సంచి కింద పెట్టుకుని కూర్చుంది. ఇలింకా ఓరగా చూసి, జడను ముందుకు లాక్కుని గుప్పిట్లో పట్టుకుంది. స్టాపు వచ్చేదాకా వదల్లేదు.